బెజవాడ, గుంటూరు సీమ చరిత్ర: కోటల కాలం నుంచి పన్ను కట్టం అనే దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ప్రశ్నలు మూడు రకాల వాళ్లవి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కొందరు, ఉండవల్లికో అమరావతికో వచ్చి "దీన్ని ఎవరు కట్టారండీ" అని అడిగేవాళ్లు కొందరు, మా ఊరి పేరు ఎక్కడైనా ఉందా అని ఆరా తీసే పెద్దవాళ్లు కొందరు. జవాబులన్నీ ఒకే పొడుగున ఉండవు. కొన్నింటికి ఒక్క ముక్క చాలు. పన్ను కట్టం అన్న పెదనందిపాడు లాంటి వాటికి ఎంత చెప్పినా ఇంకా మిగులుతుంది.

"ఈ సీమ" అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

కృష్ణ దిగువన నదికి అటూ ఇటూ ఉన్న నేల. ఇవాళ్టి లెక్కలో ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలు. ఈ విభజన 2022 ఏప్రిల్ 4 నుంచి వచ్చింది. పాత సంగతులు చదివేటప్పుడు జిల్లా పేర్లు తికమక పెడతాయి. చీరాల, ఒంగోలు 1970 దాకా గుంటూరు జిల్లాలోవే. అంతకు ముందు, 1859లో గుంటూరు జిల్లానే రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు. 1904 అక్టోబరు 1న మళ్లీ విడదీశారు. కనుక పాత కాగితంలో కృష్ణా జిల్లా నరసరావుపేట అని కనబడితే అచ్చుతప్పు అనుకోకండి.

శాతవాహనుల రాజధాని అమరావతేనా?

శాతవాహనుల ప్రధాన నగరం గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం, ఇవాళ్టి మహారాష్ట్రలోని పైఠాన్. తూర్పున వాళ్లకు పెద్ద కేంద్రం ధాన్యకటకం, అంటే నేటి ధరణికోట. మలి శాతవాహనుల కాలంలో దాని ప్రాముఖ్యం బాగా పెరిగింది. మహాస్తూపం ఉన్నది దాని పక్కనే. అమరావతి అనే పట్నం మాత్రం వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పద్దెనిమిదో శతాబ్దం చివర కట్టించుకున్నది. స్తూపానికీ పట్నానికీ మధ్య దాదాపు రెండు వేల ఏళ్ల దూరం ఉంది. పరీక్షలో ధాన్యకటకం అని రాస్తే ఏ ఇబ్బందీ రాదు.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే భట్టిప్రోలు చూడాలి. అక్కడి స్తూపంలో దొరికిన ధాతు కరండాల (అస్థికలు దాచిన పెట్టెల) మీది ప్రాకృత శాసనాలు క్రీస్తుకు పూర్వం నాటివి. అందులో కుబేరకుడనే రాజు పేరుంది. ఈ సీమలో పేరు తెలిసిన తొలి పాలకుల్లో అతనొకడు.

ఇక్ష్వాకులంటే రాముడి వంశమా?

ఆ వంశం పేరు చెప్పుకున్నారు, అంతవరకే. మూడో శతాబ్దంలో శాతవాహనుల తర్వాత విజయపురి నుంచి ఏలారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అదే ఇంటి ఆడవాళ్లు బౌద్ధ విహారాలకు దానాలు చేశారు. మగవాళ్లది వైదికం, ఆడవాళ్లది బౌద్ధం, ఒకే కప్పు కింద. ఆ విజయపురి లోయ నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. మునిగిపోయే ముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికిన వాటిని కొండ మీదికి చేర్చారు. ఇప్పుడు పడవలో వెళ్లి చూసే నాగార్జునకొండ అదే.

అమరావతి శిల్పాలు లండన్ ఎట్లా వెళ్లాయి? దోచుకుపోయారా?

ఈ కథలో తెల్లవాడు రావడానికి ముందే మనవాళ్ల చెయ్యి ఉంది. అది దాచడం నాకు ఇష్టం లేదు. స్థానికులు దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బలోంచి కొత్త పట్నం కట్టడానికి రాళ్లు తీశారు. సున్నానికి కాల్చినవీ ఉన్నాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికి దిబ్బ అప్పటికే తవ్వి ఉంది. ఆయన 1816లో మళ్లీ వచ్చి మనుషులను పెట్టి బొమ్మలు గీయించాడు. ఇవాళ కనబడని ఎన్నో శిల్పాలు ఆ బొమ్మల్లోనే మిగిలాయి.

1845లో కంపెనీ ఉద్యోగి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు పంపాడు. అక్కడ ఎండకూ వానకూ పడి ఉన్న వాటిని తర్వాత ఓడకెక్కించి లండన్ చేర్చారు. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పుడున్నవి ముఖ్యంగా ఇవే. ఇంకో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. అమరావతిలో మిగిలింది వీటికంటే తక్కువ. సొంత ఊళ్లో పునాది చూసి, శిల్పం చూడ్డానికి సముద్రం దాటాల్సిన పరిస్థితి ఇది. తిరిగి ఇవ్వమనే మాట తరచుగా వినిపిస్తూనే ఉంటుంది.

ఉండవల్లి, మొగల్రాజపురం గుహలు ఎవరివి? అక్కన్న మాదన్నల గుహలు నిజంగా వాళ్లవేనా?

ఉండవల్లి, మొగల్రాజపురం గుహలను విష్ణుకుండినులనే రాజవంశం కాలానివని చెబుతారు. ఉండవల్లిలో నాలుగు అంతస్తులు, పైన ఒకే రాతిలో పడుకున్న అనంతపద్మనాభస్వామి. విష్ణుకుండిన మాధవవర్మ గురించి బెజవాడలో ఒక కథ ఉంది. రాకుమారుడి రథం కింద పడి ఓ పేదరాలి బిడ్డ చనిపోతే రాజు సొంత కొడుక్కే మరణశిక్ష వేశాడట. దానికి మెచ్చి దుర్గమ్మ కనకవర్షం కురిపించిందట. అది స్థలపురాణం, చరిత్రగా రాయకండి.

అక్కన్న, మాదన్న గోల్కొండ తానీషా దగ్గర పదిహేడో శతాబ్దపు మంత్రులు. ఇంద్రకీలాద్రి కింద వాళ్ల పేరుతో ఉన్న గుహలు వాళ్లకంటే వెయ్యేళ్లు పాతవి.

బెజవాడలో పాత తెలుగు శాసనం ఉందా?

ఉంది, అదీ పద్యంలో. తూర్పు చాళుక్య యుద్ధమల్లుడు పదో శతాబ్దంలో కుమారస్వామికి గుడీ మఠమూ కట్టించి వేయించిన శాసనంలో మధ్యాక్కర అనే ఛందస్సులో పద్యాలున్నాయి. నన్నయ కంటే సుమారు నూరేళ్లు ముందు. ఆదికవి ముందు తెలుగులో ఏముందని అడిగేవాళ్లకు దుర్గమ్మ కొండ దగ్గరే జవాబు ఉంది.

పల్నాటి యుద్ధం జరిగిందా, కల్పనా?

జరిగింది. పన్నెండో శతాబ్దం చివర, కారెంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున. గురజాల నలగామరాజు ఒక పక్క, మాచర్ల మలిదేవాదులు ఇంకో పక్క. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, కోడిపందెం – ఇవన్నీ పాటగా వచ్చినవి. అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు ఆ కథలోదే. యుద్ధం మూలాన ఈ సీమ పెద్దలు, ముఖ్యంగా చందవోలు నుంచి ఏలిన వెలనాటి చోడులు, బలహీనపడ్డారు. కాకతీయులు లోపలికి రావడానికి దారి అక్కడ తెరుచుకుంది. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరారాధన మొదలవుతుంది. వీలైతే చూడండి. కొణతాలు అని పిలిచే ఆయుధాలను ఇప్పటికీ పూజలో పెడతారు.

మోటుపల్లి శాసనం గురించి ప్రతి పరీక్షలో ఎందుకు అడుగుతారు?

అడగాల్సిందే కనుక. గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజుదే అనే రివాజు అంతకు ముందు ఉండేది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో రాయి వేయించి ఆ రివాజు ఎత్తేశాడు. సరుకు మీద ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోమని మాట ఇచ్చాడు. దానికే అభయ శాసనమని పేరు. కొండవీటి అనవోత రెడ్డి కూడా 1358లో అదే రేవులో అలాంటి మాటే రాతి మీద ఇచ్చాడు.

ఈ సీమలో రాజ్యమేదైనా దాని బలం రెండు చోట్ల ఉండేది: కృష్ణ ఒడ్డు పొలం, తీరం మీద రేవు. రెంటి దగ్గరా ఎంత తీసుకోవాలో తెలిసినవాడు నిలిచాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద మళ్లీ మళ్లీ వస్తుంది.

కొండవీటి రెడ్డి రాజ్యం ఎందుకు పోయింది?

1325 ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో మొదలుపెట్టాడు. కొడుకు అనవోత రెడ్డి రాజధానిని కొండవీడుకు మార్చాడు. కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు పేరు పడ్డాడు. ఆ ఉత్సవాలకు సుగంధ ద్రవ్యాలు సరఫరా చేసిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టికే శ్రీనాథుడు కావ్యం అంకితమిచ్చాడు. వర్తకుడికి కావ్యం అంకితం అందేంత డబ్బు ఆ రేవుల్లో తిరిగేదన్నమాట. పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారి.

ఆఖరి రాజు రాచవేమారెడ్డి. బయటి నుంచి గజపతులు, విజయనగరం వాళ్లు నొక్కారు, లోపల దాయాదుల తగాదాలు. కైఫీయతుల్లో, అంటే తర్వాత కరణాల చేత రాయించిన ఊరి కథల్లో, మాత్రం ఇంకో మాట ఉంది. బిడ్డ పుట్టినా పన్నే అంటూ పురిటి సుంకం వేశాడట. సవరం ఎల్లయ్య అనేవాడు భార్య ప్రసవించినప్పుడు ఆ సుంకం కట్టమని పీడిస్తే రాజునే పొడిచి చంపాడట. 1424 దగ్గర రాజ్యం ముగిసింది. ఎల్లయ్య కథ అక్షరాలా నిజమో కాదో గానీ, దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఊళ్లో కరణాలు రాజు పతనానికి కారణంగా ఒక పన్నునే గుర్తుపెట్టుకున్నారు చూడండి.

తర్వాత కొండవీడు ఎవరెవరి చేతికి వెళ్లింది?

గజపతులకు. వాళ్ల నుంచి 1515లో కృష్ణదేవరాయలకు. కోట పడ్డప్పుడు ప్రతాపరుద్ర గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడ్డాడు. తిమ్మరుసు వేయించిన మంగళగిరి శాసనంలో ఆ విజయం రాసి ఉంది. తర్వాత గోల్కొండ కుతుబ్ షాహీలకు. వాళ్లు దాన్ని ముర్తజానగర్ అన్నారు. కొండపల్లి కోటదీ ఇంచుమించు ఇదే వరస. 1687లో గోల్కొండ పడగానే మొగలులు, ఆ పైన నిజాములు.

ఇంగ్లీషువాళ్లు ఈ సీమను ఏ యుద్ధంలో గెలిచారు?

ఇక్కడ కొండవీడు కోట ముందు పెద్ద యుద్ధమేదో జరిగినట్టు చాలామంది ఊహించుకుంటారు. అలాంటిది లేదు. కాగితాల మీద చేతులు మారింది.

1611లో ఇంగ్లీషు ఓడ ముందు నిజాంపట్నంలో ఆగి, తర్వాత మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టింది. నూట నలభై ఏళ్లు బట్టల వ్యాపారం చేశారు. 1750ల మొదట్లో నిజాము సలాబత్ జంగ్, సైన్యం ఖర్చు కింద ఉత్తర సర్కార్లను (ఈ తీరపు జిల్లాలను) ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. 1758లో చందుర్తి దగ్గర, 1759లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడారు. 1765లో ఢిల్లీలో పేరుకు మాత్రమే చక్రవర్తి అయిన షా ఆలం ఫర్మానా ఇచ్చాడు. 1766లో కొండపల్లి కోటను పట్టుకున్న కంపెనీ, అదే ఏడు నవంబరులో నిజాం అలీతో ఒప్పందం చేసుకుని ఏటా పేష్కష్ (కప్పం) కట్టేటట్టు మాట్లాడుకుంది.

గుంటూరు సర్కారు మాత్రం ఆగింది. అది నిజాము తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. అతను 1782లో పోయాక, 1788లో కంపెనీకి వచ్చింది. అంటే నది దాటడానికి కంపెనీకి ఇరవై రెండేళ్లు పట్టింది. 1823లో నిజాముకు ఒకేసారి సొమ్ము కట్టేసి పేష్కష్ బాధ్యత కూడా తీర్చేసుకున్నారు.

మన జమీందార్లు తిరగబడలేదా? వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కంపెనీ మీద పోరాడాడా?

పాళెగాళ్ల సీమ వేరు, ఇది వేరు. ఇక్కడి జమీందార్లు చాలావరకు పన్ను వసూలు చేసే హక్కు నుంచి ఎదిగినవాళ్లు. వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి అమరావతికి మారడానికి కంపెనీతో వచ్చిన పొరపొచ్చాలు కూడా ఒక కారణమని చెబుతారు. అయితే ఆయన పేరు నిలిచింది కత్తితో కాదు, గుళ్లతో. మంగళగిరిలో పదకొండు అంతస్తుల, 153 అడుగుల గాలిగోపురం 1807–09లో ఆయన ఎత్తించిందే. 1816లో ఆయన పోయాక దత్తపుత్రులు ఆస్తి కోసం దశాబ్దాల పాటు కోర్టుల్లో కొట్లాడుకున్నారు. ఆ తగాదాలో ఎస్టేటు కరిగిపోయింది.

అసలు సంగతి దాని తర్వాత ఉంది. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టారు. 1840ల నాటికి గుంటూరు జమీందారీలు బకాయిల కింద కంపెనీ చేతికి వచ్చేశాయి. దాంతో ఇక్కడి రైతుకూ సర్కారుకూ మధ్య జమీందారు లేకుండా పోయాడు. కృష్ణకు ఉత్తరాన నూజివీడు, చల్లపల్లి, మైలవరం లాంటి జమీందారీలు నిలిచాయి. అక్కడ రైతు కోపం ముందు జమీందారు మీదికి వెళ్లింది, గుంటూరు వైపు నేరుగా కలెక్టరు మీదికి. పెదనందిపాడు గుంటూరు జిల్లాలో ఎందుకు పుట్టిందని అడిగితే నా జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

డొక్కల కరువు అంటే ఏమిటి?

1832–33 నాటి కరువు. నందన నామ సంవత్సరం కనుక నందన కరువని కూడా అంటారు. అప్పటి గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనం ఉంటే, దాదాపు 2 లక్షల మంది చనిపోయారని కంపెనీ కాలపు అంచనా. దారుల పొడుగునా శవాలు, పాడుబడ్డ ఊళ్లు. శిస్తు ఆదాయం తర్వాత ఏళ్ల తరబడి కోలుకోలేదు. దానివల్లే కంపెనీకి నీళ్ల మీద ఆసక్తి పుట్టింది.

కృష్ణా ఆనకట్ట కాటన్ దొర కట్టించిందేనా?

ఆలోచనలో, ఒప్పించడంలో ఆర్థర్ కాటన్ పాత్ర ఉంది. దగ్గరుండి కట్టించింది కెప్టెన్ చార్లెస్ ఓర్. 1852లో మొదలై 1855లో పూర్తయింది. 1952 వరదలో గండి పడింది. ఇప్పుడు మనం దాటే ప్రకాశం బ్యారేజీ 1957 నాటిది.

ఆనకట్ట మేలు చేసింది, కాదనలేం. దివిసీమ, తెనాలి, రేపల్లె వైపు వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది, పిల్లలు మద్రాసు చదువులకు వెళ్లారు. సర్కారుకూ శిస్తు పెరిగింది. ఆ చదువుకున్న పిల్లలే తర్వాత కాంగ్రెస్ జెండా పట్టారు. కాలువ అందని పల్నాడు మాత్రం పశువుల మీదా అడవి మీదా బతికింది. అందుకే అక్కడ గొడవ పుల్లరి, అంటే మేత పన్ను, మీద వచ్చింది.

1857లో ఇక్కడ ఏం జరిగింది?

చెప్పుకోదగ్గ తిరుగుబాటు ఏదీ జరగలేదు. లేనిదాన్ని ఉన్నట్టు రాసిన పోస్టులు తిరుగుతుంటాయి, నమ్మకండి.

మరి స్వాతంత్ర్య పోరాటం ఎప్పుడు మొదలైంది?

వేడి పుట్టింది 1907లో. బిపిన్ చంద్ర పాల్ ఆ ఏప్రిల్‌లో బెజవాడ, మచిలీపట్నం తిరిగి మాట్లాడాడు. అప్పటికే 1902లో బందరులో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు పెట్టిన కృష్ణా పత్రిక నడుస్తోంది. ముట్నూరి కృష్ణారావు దాన్ని ఆంధ్రదేశపు గొంతుగా మార్చాడు. 1913 మే 26న బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగి, తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న మాట అక్కడి నుంచి ఊరూరా పాకింది.

చదువుకున్నవాళ్ల సభల్లోకి రాని సంఘటన ఒకటుంది. 1909 శివరాత్రి తిరునాళ్లలో కోటప్పకొండ దగ్గర జనానికీ పోలీసులకూ గొడవ ముదిరి కాల్పులు జరిగాయి. జనం తిరగబడ్డారు. ఆ కేసులో చిన్నపరెడ్డిని ఉరితీశారు. రాజకీయ ఉద్యమంగా దాన్ని లెక్కలోకి తీసుకోరు. నరసరావుపేట వైపు పల్లెల్లో మాత్రం ఆయన మీద పాటలు కట్టుకున్నారు.

1921 బెజవాడ సభలో జాతీయ జెండా పుట్టిందని చెబుతారు. నిజమేనా?

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని అక్కడే తీర్మానించారు. ఆ రోజుల్లోనే పింగళి వెంకయ్య గాంధీజీకి ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా నమూనా ఇచ్చాడు. తెలుపూ రాట్నమూ తర్వాత చేరాయి. 1931లో రంగులు మారాయి. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో రాట్నం స్థానంలో చక్రం వచ్చింది. కనుక వెంకయ్యది తొలి రూపం, ఇప్పటిది దాని వారసత్వం. ఇట్లా చెబితే ఆయన గొప్పతనం తగ్గదు, పొరుగు రాష్ట్రం వాళ్లతో వాదనా రాదు.

చీరాల–పేరాల జనం నిజంగా ఊరు వదిలేసి పోయారా?

పోయారు. చీరాల, పేరాల అప్పటిదాకా చిన్న యూనియన్. 1919లో మునిసిపాలిటీ చేశారు. నేతగాళ్లు ఎక్కువగా ఉన్న ఊరు, పన్ను ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది, సదుపాయం మాత్రం పెరగలేదు. ఇక్కడికి వచ్చాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పుట్టింది పెనుగంచిప్రోలు, ఎమ్మే చదివింది ఎడింబరోలో. పద్యం చెప్పి, పాట పాడి జనాన్ని కూర్చోబెట్టగల మనిషి. ఆయన సేవాదళం పేరు రామదండు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పాడు: అహింసతో పన్ను నిరాకరించి శిక్షలు భరించడం, లేదా ఊరే విడిచి వెళ్లడం. రెండోది ఎంచుకున్నారు. ఊళ్లో ఉన్న సుమారు 15 వేల మందిలో 13 వేల పైచిలుకు మంది ఎండాకాలంలో మగ్గాలు ఎత్తుకుని ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు. మనుషులే లేని మునిసిపాలిటీ పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తుంది? దాదాపు 11 నెలలు అట్లా గడిపారు. బరంపురం సభ సందర్భంలో గోపాలకృష్ణయ్యకు ఏడాది జైలు పడింది, నాయకుడు లేకపోయాడు, వానలూ డబ్బు ఇబ్బందీ కలిసి చివరకు పాత ఇళ్లకు తిరిగి రాక తప్పలేదు. ఆయన 1928లో, నలభై ఏళ్లు నిండకుండానే క్షయతో పోయాడు.

పెదనందిపాడులో ఏం జరిగింది? అంత ముఖ్యమైతే బార్డోలీలా ఎందుకు ప్రసిద్ధి కాలేదు?

ఈ పేజీ అంతటిలో నాకు ముఖ్యమైన ప్రశ్న ఇదే.

శిస్తు ఎట్లా వసూలయ్యేదో ముందు తెలియాలి. కలెక్టరు గుంటూరులో ఉంటాడు, తహసీల్దారు తాలూకాలో. పొలం ఎవరిది, ఎంత, ఏ కిస్తు (శిస్తు వాయిదా) ఎప్పుడు కట్టాలన్నది తెలిసినవాళ్లు ఊళ్లో కరణం, మునసబు. వాళ్ల కింద వెట్టివాళ్లు. ఈ ముగ్గురూ లేకపోతే సర్కారుకు ఊళ్లో కళ్లూ చేతులూ లేవు.

1921 చివర, 1922 మొదట్లో పెదనందిపాడు ఫిర్కా (కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం) రైతులు కిస్తు కట్టడం మానేశారు. నడిపించింది పర్వతనేని వీరయ్య చౌదరి. ఊరూరా శాంతిసేన పెట్టాడు. గ్రామోద్యోగులు వరసగా రాజీనామాలు ఇచ్చారు. జప్తుకు వచ్చిన వాళ్లకు సామాను మోసే మనిషి దొరకలేదు, వేలం వేస్తే పాడేవాడు లేడు, బస చేద్దామంటే నీళ్లిచ్చే ఇల్లు లేదు. చాకలి, మంగలి కూడా సర్కారు మనుషులకు పని చెయ్యలేదు. కలెక్టరు రూథర్‌ఫర్డ్ సైన్యాన్ని ఊళ్ల మీదుగా నడిపించాడు, భూములు పోతాయని బెదిరించాడు. జనం చెయ్యి చేసుకోలేదు. కాల్పులకు సాకు దొరకలేదు.

ఆపింది సర్కారు కాదు. పన్ను నిరాకరణకు గాంధీజీ పెట్టిన షరతులు కఠినంగా ఉండేవి, గుంటూరు వాటికి సిద్ధంగా ఉందా అని ఆయనకు అనుమానం. దేశభక్త కొండా వెంకటప్పయ్య ఆ ఇరుకులో నలిగాడు. ఫిబ్రవరి 4న ఉత్తరాదిలో చౌరీచౌరా దగ్గర జనం పోలీసు స్టేషన్ తగలబెట్టారు, ఆ నెలలోనే సహాయ నిరాకరణ మొత్తం ఆగింది, పెదనందిపాడు కూడా కిస్తు కట్టేసింది.

గుజరాత్‌లో రైతుల పన్ను నిరాకరణ అయిన బార్డోలీ సత్యాగ్రహం 1928లో గెలిచింది, పటేల్‌కు సర్దార్ బిరుదు తెచ్చింది. పెదనందిపాడు ఆరేళ్ల ముందే ఆ పద్ధతిని చేసి చూపించి, గెలుపు ముంగిట ఆగిపోయింది. గెలిచినవాళ్లకే పాఠ్యపుస్తకంలో పేజీ దక్కుతుంది. దీనికి నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

కన్నెగంటి హనుమంతు ఎవరు?

పల్నాడులో మించాలపాడు రైతు. అడవిలో పశువులు మేపుకోవడానికి సర్కారు వేసిన పన్ను పుల్లరి. తాతల నాటి నుంచి మేపుకుంటున్న అడవికి ఇప్పుడు చీటీ ఏమిటన్నది పల్నాటి వాదన. 1921లో అక్కడి బాధలు విచారించడానికి వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణను అరెస్టు చేశారు. హనుమంతు ఊరిని కూడగట్టి పుల్లరి కట్టనివ్వలేదు. 1922 ఫిబ్రవరిలో పోలీసుల తుపాకులకు బలయ్యాడు. గాంధీజీ ఉద్యమాన్ని ఆపేసిన కొద్ది రోజులకే. ఆ కబురు మించాలపాడు అడవికి ఏ రూపంలో చేరిందో ఆలోచించండి.

అల్లూరి సీతారామరాజు పోరాటానికీ వీటికీ సంబంధం ఉందా?

అది మన్యం కథ, 1922–24. ఇక్కడిది కాదు. ఒక్క లంకె ఉంది: సీతారామరాజును అణచడానికి 1924లో ప్రత్యేకాధికారిగా పంపింది గుంటూరులో పనిచేసిన ఆ రూథర్‌ఫర్డ్‌నే. పెదనందిపాడులో నేర్చుకున్నది అక్కడ వాడాడు.

ఈ చరిత్రలో దళితులు, ఆడవాళ్లు ఏరీ?

ఉన్నారు, చెప్పేవాళ్లు దాటేస్తారు. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన తొలి పంచమ మహాసభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. పంచములంటే అప్పట్లో దళితులకు పెట్టిన పేరు. మేము పంచములం కాదు, ఆది ఆంధ్రులం, ఈ నేలకు మొదటి వాళ్లం అన్న ప్రకటన అక్కడి నుంచే వచ్చింది. 1921 కాంగ్రెస్ సభ కంటే నాలుగేళ్ల ముందు. ఈ రెండు బెజవాడ సభలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

తెల్లవాడి చట్టం ఎవరి మీద ఎక్కువ బరువు వేసిందని అడిగితే బాపట్ల దగ్గరి స్టువర్టుపురం చూపించాలి. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే నేరస్తులుగా రాసుకుని, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ పర్యవేక్షణలో అక్కడ స్థిరపరిచారు. ఊరికి పెట్టిన పేరు ఒక మద్రాసు ప్రభుత్వ అధికారిది. స్వరాజ్యం వచ్చాక చట్టం పోయింది, ముద్ర పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆడవాళ్లలో ఉన్నవ లక్ష్మీబాయమ్మ పేరు ముందు చెప్పాలి. భర్తతో కలిసి గుంటూరులో శారదా నికేతనం నడిపింది, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లింది.

ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా?

1930లో గుంటూరు శిబిరానికి కేంద్రం కొండా వెంకటప్పయ్య. బందరు కోనేరు సెంటరులో తోట నరసయ్య నాయుడు స్పృహ తప్పేదాకా కొట్టినా జెండా వదల్లేదు. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఆ చోటే రణరంగ చౌక్. తెనాలి వెళ్లినవాళ్లు సినిమా కబుర్లతో పాటు అక్కడ కూడా ఒక నిమిషం ఆగండి.

ఒక్క రోజే ఉంది. ఏం చూడమంటారు?

విజయవాడ నుంచైతే పొద్దున్నే బ్యారేజీ దాటి ఉండవల్లి, అక్కడి నుంచి మంగళగిరి గోపురం, మధ్యాహ్నానికి అమరావతి. సాయంత్రం తిరిగొచ్చి బాపు మ్యూజియం. 1921 సభతో ముడిపడిన పాత విక్టోరియా జూబిలీ భవనం అదే. అల్లూరు బుద్ధ విగ్రహం కూడా అందులోనే ఉంది. వెళ్లే ముందు సెలవు రోజు కాదని చూసుకోండి. గుంటూరు నుంచైతే కొండవీడు. ఘాట్ రోడ్డు పడింది కనుక పెద్దవాళ్లూ పైదాకా వెళ్లగలరు. ఎండాకాలంలో మాత్రం వద్దు, కొండ మీద నీడ తక్కువ.

మా ఊరి చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

ముందు కైఫీయతు వెతకండి. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల చేత రాయించిన ఊరి కథలివి. గుడి ఎవరు కట్టారు, మాన్యం ఎవరిచ్చారు, శిస్తు ఎప్పుడు పెరిగింది అన్నవి అందులో ఉంటాయి. గుంటూరు తాలూకా ఊళ్లవి చాలా ఉన్నాయి, అచ్చయినవీ ఉన్నాయి. మూలాలు చెన్నైలో ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. చదివేటప్పుడు ఒక జాగ్రత్త: కరణం తన ఊరినీ తన మాన్యాన్నీ కాస్త పెంచి రాసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. తేదీలను శాసనంతో సరిచూసుకోండి.

శాసనం అంటే మీ ఊరి గుడి ధ్వజస్తంభం దగ్గరో, మండపం స్తంభం మీదో ఉండేదే. పండగకు సున్నం వేసే ముందు పక్క నుంచి వెలుతురు పడేలా ఫోటో తీయండి, అప్పుడే అక్షరాలు తేలతాయి. రాయిని గీకకండి, సుద్దముక్కతో అక్షరాల మీద దిద్దకండి. ఆ ఫోటో, ఊరు, గుడి పేరు, రాయి ఉన్న చోటు రాసి పురావస్తు శాఖ కార్యాలయంలో ఇవ్వండి.